కవిమనస్సు - వయఃపరిణామము
‘పెనుగొండలక్ష్మి’ మొదలు ‘జనప్రియ రామాయణము’ వరకు ఒక పరిశీలన

ఒక కవి తొలికృతిని, మలికృతిని చేరువనుంచి చదువునపుడు విమర్శకునకు రెండు ప్రలోభములు కలుగును. తొలికృతియందే సర్వమును దర్శించి, ఇతడు పుట్టుకవి యని తీర్పు చెప్పి విరమించుట మొదటిది. తొలికృతిని బాల్యచాపల్యముగా నెంచి, పరిణతకృతికి మెట్టుగా మాత్రమే గణించుట రెండవది. మొదటి మార్గమున పెరుగుదలకు తావు లేదు. ఉన్నదంతయు మొదటనే ఉన్నది. రెండవ మార్గమున పెరుగుదలయే కాని పెరిగినవాడు కానరాడు. ప్రతి దశయు రాబోవు దశకొఱకే జీవించినట్లు తోచును. ఈ రెండింటికిని నడుమ మార్గము కలదా యని విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము. ఇందుకు సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యుల (1914-1990) కృతులకంటె తగిన ఉదాహరణము మన ఆధునిక సాహిత్యమున అరుదు. ఇంచుమించు పండ్రెండేండ్ల ప్రాయమున కావ్యము చెప్పి, డెబ్బదియారేండ్లు జీవించి, కడవరకు వ్రాయుట మానని కవి యితడు. మనస్సు ఏ యే వయస్సున ఏ యే రూపము దాల్చునో పరిశీలింపగోరువారికి ఇంత దీర్ఘమైన సాక్ష్యము సులభముగా లభింపదు.

1. వయస్సును గూర్చిన భావనలు

మనుష్యుని ఆయుర్దాయమును భాగములుగా విభజించి చూచుట మనకు క్రొత్త కాదు. ఆశ్రమధర్మములు నాలుగును ధర్మశాస్త్రదృష్టితో చేసిన విభాగము. వైద్యదృష్టితో చేసిన విభాగము చరకసంహితయందు కలదు. అందు బాల్యము ముప్పదియేండ్లవరకును, మధ్యవయస్సు అరువదివరకును, జీర్ణవయస్సు నూరేండ్లవరకును చెప్పబడినవి. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. చరకుడు బాల్యమును మరల రెండుగా విడదీసి, పదునాఱేండ్లవరకు ధాతువులు పరిపక్వము కానివనియు, అటుపై ముప్పదివరకు అవి వృద్ధినొందుచుండుననియు, ఆ కాలమున మనస్సు తఱచుగ నిలుకడ లేనిదై యుండుననియు చెప్పినాడు. పాశ్చాత్యులు కౌమారమును ప్రత్యేకదశగా గుర్తించి శాస్త్రచర్చ కెక్కించినది 1904లో స్టాన్లీ హాల్ ప్రచురించిన ఉద్గ్రంథముతో. ముప్పదివరకు మనస్సు కుదుటపడదన్న ప్రాచీనవైద్యుని మాట ఆధునికుల కంత దూరమైనది కాదు.

ఇరువదవ శతాబ్దిన ఈ విచారము విస్తరించినది. షార్లట్ బ్యూలర్ 1933లో జీవితచరిత్రల నాధారముగా గొని మానవజీవితగతిని వివరించినది. ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో ‘బాల్యము-సమాజము’ అను అర్థమిచ్చు పేరుగల గ్రంథమున జన్మాది మరణపర్యంతము ఎనిమిది దశలను ప్రతిపాదించి, ప్రతి దశయందును ఒక ద్వంద్వసంఘర్షణ కలదనెను. బడియీడున శ్రమశీలతకును న్యూనతాభావమునకును, కౌమారమున స్వస్వరూపనిశ్చయమునకును సందిగ్ధతకును, యౌవనమున సాన్నిహిత్యమునకును ఏకాకిత్వమునకును, నడివయస్సున భావితరపోషణమునకును స్తబ్ధతకును, వార్ధకమున సమగ్రతకును నిరాశకును పెనగులాట జరుగునని ఆతని మతము. ఆతడే 1969లో గాంధీమహాత్ముని జీవితమును ఈ దృష్టితో వ్యాఖ్యానించెను. 1978లో సుధీర్ కాకర్ తన గ్రంథమున ఈ దశలను మన ఆశ్రమధర్మములతో పోల్చి చూపెను. అటుపిమ్మట పాల్ బాల్టెస్ ప్రభృతులు ఈ సోపానకల్పనమునే ప్రశ్నించిరి. వికాసము ఏ వయస్సునను ముగియదనియు, ప్రతి వయస్సునందును లాభముతోపాటు నష్టమును కలదనియు, బాల్యమున లాభము హెచ్చు, వార్ధకమున నష్టము హెచ్చు అను భేదమే కాని రెండును సర్వదా కలిసియే యుండుననియు వారి సిద్ధాంతము.

సాహిత్యవిమర్శకు ఈ సిద్ధాంతములు ఎంతవరకు ఉపకరించును? ఇందొక ప్రమాదము కలదు. కావ్యమునుండి కవిమనస్సును ఊహించి, ఆ ఊహించిన మనస్సుతో మరల కావ్యమును వివరించుట అన్యోన్యాశ్రయదోషము. పరిశోధకవిద్యార్థులు తఱచుగా చిక్కుకొను ఊబి యిది. దీనిని తప్పించుకొనుటకు ఒక్క ఉపాయము కలదు. కవి తనంతట తాను ఎన్నుకొన్న బాహ్యచిహ్నములను, అనగా వస్తువును, ఛందస్సును, కావ్యమున మాటలాడువాని స్థానమును మాత్రమే సాక్ష్యముగా గైకొని, వయస్సుతోపాటు ఇవి యెట్లు మాఱినవో చూడవలయును. హృదయమున నేమున్నదో చెప్పుటకు మన కధికారము లేదు. చేతులు ఏమి చేసినవో చెప్పుటకు కలదు.

2. పెనుకొండ సీమ

నారాయణాచార్యులు 1914 మార్చి 28న అనంతపురమునకు సమీపముననున్న చియ్యేడున జన్మించి, పెనుకొండయందు పెరిగెను. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితుడు. వంశము శ్రీవైష్ణవము, విజయనగరప్రభువులకు గురువులైన తాతాచార్యుల పరంపరకు చెందినదని ప్రతీతి. ఇట్టి యింట పుట్టిన బాలునకు పెనుకొండ కేవలము ఊరు కాదు. 1565లో రక్కసి-తంగడి యుద్ధమున విజయనగరము కూలినపిదప తిరుమలరాయలు రాజధానిగా చేసికొన్న స్థలమది. ఘనగిరి యని దానికి సంస్కృతనామము. కొండపై కోట, క్రింద గగనమహలు, శిథిలములైన బురుజులు, తిమ్మరుసును చెఱనుంచిన తావని జనులు చూపు చోటు - ఇవన్నియు బడికిబోవు బాలుని దారిలో నుండినవే. రాజ్యము చంద్రగిరికి తరలి మూడువందల యేండ్లు దాటినను, ఆ ఊరి రాళ్లు మాత్రము అచ్చటనే యుండినవి.

ఈ సీమ మఱియొక విధముగా కూడ గమనింపదగినది. పెనుకొండకు దక్షిణమున హిందూపురము; అది దాటిన కన్నడదేశము. ఉత్తరమున ధర్మవరము, పట్టునేతకు పేరుపొందిన పట్టణము. 2022 ఏప్రిల్‌లో అనంతపురముజిల్లానుండి విడివడి యేర్పడిన శ్రీసత్యసాయిజిల్లాలో ఈ మూడును చేరినవి. దాని ముఖ్యపట్టణమైన పుట్టపర్తియే ఈ కవివంశమునకు ఇంటిపేరైన గ్రామము. తెలుగును కన్నడమును ఒక్క సంతలో వినబడు ఈ ప్రాంతమున బహుభాషాజ్ఞానము వింతకాదు. కాని పదునాలుగు భాషలు నేర్చెనని ప్రసిద్ధిగన్న ఈ కవి దానిని జీవితమంతయు పెంచుకొనుచుబోవుట వింతయే. సంస్కృతాంధ్రములు ఇంటనే లభించినవి. పెనుకొండయందుండిన ఆంగ్లాధికారి భార్య పిట్ దొరసాని యొద్ద ఆంగ్లసాహిత్యపరిచయము కలిగినది. సంగీతమును నాట్యమును అభ్యసించెను. ప్రాకృతము, తమిళము, మలయాళము, మరాఠీ మున్నగునవి క్రమముగా వచ్చి చేరినవి. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళమునకును, ధర్మానంద కోశాంబి మరాఠీలో వ్రాసిన బుద్ధచరితమును తెలుగునకును తెచ్చినవాడితడే. బాల్టెస్ చెప్పిన వికాసలక్షణమునకు, అనగా ఏ వయస్సునను ముగియని అభ్యాసమునకు, ఇంతకంటె నిదర్శనము వలదు.

3. బాలుని దుఃఖము

‘పెనుగొండలక్ష్మి’ ఖండకావ్యము. గతించిన విజయనగరవైభవమును పెనుకొండశిథిలములయందు చూచి శోకించుట దాని వస్తువు. ఛందస్సు సంప్రదాయసిద్ధమైన పద్యము. మాటలాడువాడు శిథిలములనడుమ నిలిచి గతమును పిలుచు ద్రష్ట. పండ్రెండేండ్లవాడు ఇట్టి కావ్యము చెప్పుట యెట్లు సంభవించెనను ప్రశ్నకు దైవదత్తప్రతిభ యని సమాధానము చెప్పుట సులభము. కాని మనస్తత్త్వదృష్టి మఱియొక సమాధాన మిచ్చుచున్నది.

జ్ఞానవికాసమును పరిశీలించిన ఝాఁ పియాజే మతమున, ఇంచుమించు పదునొకండు పండ్రెండేండ్ల ప్రాయమున బాలుని ఆలోచన ఎదుటనున్న వస్తువును విడిచి, లేనిదానిని గూర్చియు, ఉండదగినదానిని గూర్చియు తర్కింపగల శక్తిని పొందును. ఎదుటనున్న రాతిని చూచి, ఆ రాతిపై నొకనాడున్న మేడను నిర్మింపగలుగుట ఆ వయస్సున క్రొత్తగా చేతికందిన ఆయుధము. శిథిలములు బాలుని ఆకర్షించుట యిందువలననే. పెద్దవానికి శిథిలము విషాదకారణము. బాలునకది తన నూతనశక్తిని ప్రయోగించుటకు లభించిన రంగస్థలము. కావున ‘పెనుగొండలక్ష్మి’యందలి శోకముక్రింద ఒక ఉత్సాహము వినబడును. శోకించుచున్నానను మాటకంటె నిర్మింపగలుగుచున్నానను సంతోషము అందు బలవత్తరము.

ఆ శోకము బాలుడు అనుభవించినది కాదు. వంశమునుండియు, ఊరినుండియు, చదివిన గ్రంథములనుండియు అరువు తెచ్చుకొన్నది. ఇది దోషమని కొందఱందురు. నాకట్లు తోచదు. ధర్మవరమున మగ్గపుటింట పుట్టిన పిల్లలు మొదట కండెలు చుట్టుదురు. పిదప తెగిన పోగు నతుకుదురు. ఎన్నియో యేండ్లకుగాని చీరకంతకును బాధ్యులై మగ్గమున కూర్చుండరు. పడుగు పెద్దలు వేసినది. బాలుని చేతిలోనిది పేక మాత్రమే. ఎరిక్‌సన్ బడియీడునకు చెప్పిన శ్రమశీలత యనగా నిదియే: పెద్దల పనిముట్లను చేపట్టి, వారి పనిని వారివలె చేయగలనని నిరూపించుకొనుట. పద్యము ఆ బాలునకు మగ్గము. విజయనగరస్మృతి ముందే వేసియున్న పడుగు. బాలకావ్యమున స్వానుభవమును వెదకుట, కండెలు చుట్టు పిల్లవానిని చీర యేదని యడుగుట వంటిది. వెదకవలసినది పనితనము. అది అందు పుష్కలముగా కలదు.

4. తన కావ్యమును తాను చదువుట

ఈ కావ్యచరిత్రయందు ఒక విచిత్రఘట్టము సాహిత్యలోకమున ప్రసిద్ధము. తిరుపతి ప్రాచ్యకళాశాలయందు చదివి విద్వాన్ పరీక్షకు కూర్చుండునాటికి ‘పెనుగొండలక్ష్మి’యే పాఠ్యగ్రంథముగా నిర్ణయింపబడియుండెను. కవి తాను బాల్యమున చెప్పిన కావ్యమును తానే విద్యార్థియై చదివి పరీక్ష వ్రాయవలసివచ్చెను. దీనిని వినోదముగా చెప్పుకొనుట వాడుక. మానసికవికాసదృష్టితో చూచినచో నిది వినోదము కాదు.

కౌమారయౌవనసంధియందు మనుష్యుడు నేనెవడనని ప్రశ్నించుకొనును. ఎరిక్‌సన్ భావమును విస్తరించి జేమ్స్ మార్షియా 1966లో చేసిన పరిశోధనయందు ఒక స్థితి పేర్కొనబడినది. అన్వేషణము జరుగకమునుపే ఇతరు లిచ్చిన స్వరూపమును స్వీకరించి స్థిరపడుట అది. దీనిని అకాలనిశ్చయ మనవచ్చును. బాలకవికి లోకమిచ్చు సన్మానము ఇట్టి ప్రమాదమును తెచ్చును. నీవెవ్వడవో నీకంటె ముందే లోకము నిర్ణయించినది: నీవు పెనుకొండ కవివి, గతవైభవగాయకుడవు. తన పద్యమునకు ప్రతిపదార్థము వ్రాయవలసిన యువకునిముందు రెండు దారులుండును. ఆ పద్యమునే జీవితాంతము మరల మరల వ్రాయుట యొకటి. దానిని దాటిపోవుట రెండవది. బాలప్రతిభ వికసించి యౌవనమున వాడిపోయినవారు మొదటి దారిని పోయినవారే.

5. దాటుట

నారాయణాచార్యులు రెండవ దారిని పోయెననుటకు ‘శివతాండవము’ సాక్ష్యము. ప్రొద్దుటూరున నుండగా అగస్త్యేశ్వరాలయమున రూపొందిన కృతి యిది. బాహ్యచిహ్నములను మూడింటిని పరీక్షింతము. వస్తువు మాఱినది: గతించిన వైభవము పోయి, ఇప్పుడు కన్నులయెదుట జరుగుచున్న నర్తనము వచ్చినది. ఛందస్సు మాఱినది: వృత్తబద్ధపద్యము పోయి, తాళగతి ననుసరించు మాత్రాచ్ఛందస్సు వచ్చినది. మాటలాడువాని స్థానము మాఱినది: శిథిలములకు దూరముగా నిలిచి విలపించువాడు పోయి, నర్తనములో తానును కదలువాడు వచ్చినాడు. శ్రీవైష్ణవకుటుంబమున బుట్టి శివుని ఆటను పాడుట కూడ వంశదత్తమైన స్వరూపమునుండి ఒక అడుగు బయట వేయుటయే. శివుని తాండవమునకు వెంట పార్వతి లాస్యమును నిలుపుటయందు, ఏకాకియైన ద్రష్ట స్థానమున జంటను నిలిపిన యౌవనదృష్టి గోచరించును. బాల్యమున నేర్చిన నాట్యసంగీతములు ఇందు పనికివచ్చినవి. వికాసమనగా వెనుకటిదానిని పాఱవేయుట కాదు; అప్పుడు అక్కఱకురానిదానిని ఇప్పు డక్కఱకు తెచ్చుకొనుట.

వయస్సునకును కృతిశ్రేష్ఠతకును గల సంబంధమును 1953లో హార్వీ లేమన్ గణించి, గీతకవిత్వమున ఉత్తమరచనలు యౌవనమున హెచ్చుగా పుట్టుచున్నవనెను. ‘శివతాండవము’నకు గల్గిన కీర్తి ఆ మాటకు అనుకూలముగనే కనబడును. కాని కీర్తి వేఱు, వికాసము వేఱు. నడివయస్సు కృతియైన ‘మేఘదూతము’ను చూడుడు. కాళిదాసుని యక్షుని స్థానమున చెఱయందున్న రాజకీయబంధి నిలిచి, మేఘముద్వారా భార్యకు సందేశము పంపుచున్నాడు. విరహమిందు సంప్రదాయమునుండి వచ్చినదే. కాని అది తనది కాక పరునిది. పెనుకొండబాలుడు అరువు తెచ్చుకొన్నది గతించిన రాజుల దుఃఖము. నడివయస్కుడు తెచ్చుకొన్నది వర్తమానమున బాధపడు మనుష్యుని దుఃఖము. రెండును అరువే. అప్పు తెచ్చిన చోటు మాఱుటయే పెరుగుదల.

6. మలివయస్సు

‘పండరీ భాగవతము’ ద్విపదలో, ‘జనప్రియ రామాయణము’ మాత్రాచ్ఛందస్సులో నడచినవి. ద్విపద మన సాహిత్యమున పాల్కురికి సోమనాథుని నాటినుండి జనులకొఱకు ఎన్నుకొనబడిన ఛందస్సు. పదునాలుగు భాషలెఱిగిన పండితుడు అందఱును చదువదగిన ఛందస్సునకు దిగివచ్చుట, తన కృతికి ‘జనప్రియ’ మని పేరిడుట, భావితరపోషణమని ఎరిక్‌సన్ చెప్పిన దానికి చక్కని లక్ష్యము. బాలుడు పండితులు మెచ్చుటకు వ్రాసెను. వృద్ధుడు పామరులు పాడుకొనుటకు వ్రాసెను. ఇంతవరకు చెప్పి విరమించినచో కథ సుందరముగా ముగియును.

కాని విరమింపరాదు. ‘శ్రీనివాస ప్రబంధము’ కూడ మలివయస్సు కృతియే. అది ప్రౌఢప్రబంధము, విజయనగరకాలపు కావ్యమార్గమునకు మరలిపోయిన రచన. సోపానసిద్ధాంతమున కిది లొంగదు. క్రిందినుండి పైకి మెట్లెక్కుచు పోవుటయే వికాసమైనచో, జనప్రియమైన మార్గమును చేపట్టినవాడు మరల ప్రబంధమార్గమున కేల పోవలెను? దీనిని పతనమనవలెనా? అనరాదు. ఇచ్చట బాల్టెస్ మార్గమే మనకు శరణ్యము: వికాసము ఏకముఖము కాదు, బహుముఖము. ఒక్క వయస్సునందే ఒక ధార ముందునకును, మఱియొక ధార మూలమునకును ప్రవహింపవచ్చును. బాల్యమున శిథిలములయందు చూచి విలపించిన విజయనగరకావ్యప్రపంచమును, వృద్ధుడు ప్రబంధరచనచేత మరల కట్టినాడు. బాలుడు పోయెనని శోకించినదానిని వృద్ధుడు పోలేదని చేసి చూపినాడు. వార్ధకమున సమగ్రత యనగా జీవితమున గడచిన దశలన్నింటిని మరల అంగీకరించుట యని ఎరిక్‌సన్ చెప్పిన మాటకు ఈ రెండు కృతులు కలిసి అర్థమిచ్చును. ఏ యొక్కటియు ఒంటరిగా ఇయ్యదు.

7. ఉపసంహారము

ఇంతవరకు చేసిన విచారమున తేలినవి మూడు. మొదటిది, బాలకృతిని ఆ వయస్సుయొక్క ధర్మముతోనే పరీక్షింపవలయును. స్వానుభవము లేదని నిందించుటయు, సర్వమును కలదని స్తుతించుటయు సమానదోషములు. రెండవది, వికాసమునకు గుర్తు వస్తువు క్రొత్తదగుట కాదు. పాతవస్తువుతో కవికిగల సంబంధము మాఱుట. నష్టమైన వైభవము అను ఒక్క వస్తువే ఈ కవియందు మొదట విలాపమై, తుద పునర్నిర్మాణమైనది. మూడవది, మనస్తత్త్వశాస్త్రము చెప్పు దశలు విమర్శకునకు ప్రశ్నల పట్టికగా ఉపకరించును గాని సమాధానముల పట్టికగా ఉపకరింపవు. కృతి ఎచ్చట దశకు లొంగదో అచ్చటనే విమర్శ ఆరంభమగును.

దీనివలన బోధకులకు ఒక ప్రయోజనము కలదు. మన తరగతులలో ప్రతిభగల బాలురు లేకపోలేదు. వారి తొలిపద్యమును మెచ్చుకొనుట మన ధర్మము. దానినే వారి స్వరూపముగా స్థిరపఱచుట అపకారము. ఒకప్పుడు పరీక్షాధికారులు ఒక యువకునిముందు ఆతని బాల్యకావ్యమునే పాఠ్యముగా నుంచిరి. ఆతడు దానిని చదివి, పరీక్ష వ్రాసి, దానిని దాటిపోయినాడు. దాటిపోయినందువలననే వృద్ధుడై దానికడకు మరలి రాగలిగినాడు. అందఱికిని అంత బలముండదు. కావున విద్యార్థి వ్రాసిన మంచిపద్యమును చూచినపుడు గురువు అడుగవలసిన ప్రశ్న ‘ఇట్టిది మఱియొకటి వ్రాయగలవా?’ యని కాదు; ‘దీనితరువాత నేమి నేర్చుకొనదలచితివి?’ యని.